దవడ విరిగితే పళ్లకెందుకు తీగలు కడతారు?

“విరిగింది ఎముక కదా సార్, మరి పళ్లకెందుకు తీగలు కడుతున్నారు?” దవడ ఫ్రాక్చర్ అయిన మనిషి తాలూకు వాళ్లు డాక్టరుని అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు ఇదే. అడగడంలో తప్పేం లేదు. చెయ్యి విరిగితే చేతికే పిండికట్టు వేస్తారు, కాలు విరిగితే కాల్లోనే రాడ్డు వేస్తారు. ఇక్కడ చూస్తే దెబ్బ ఒకచోట తగిలి ఇంకోచోట విరుగుతుంది, గడ్డం మీద పడితే చెవి ముందు నొప్పి వస్తుంది, పైగా నెల రోజులు నోరు తెరవొద్దంటారు. అంతా తిరకాసుగా అనిపిస్తుంది.

అసలు సంగతేంటంటే, ముఖానికి రక్తప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి కింది దవడ ఎముక అతుక్కోవడం మామూలుగా పెద్ద సమస్య కాదు. ఎలా అతుక్కుందన్నదే సమస్య. పై పళ్లూ కింది పళ్లూ దెబ్బ తగలకముందు ఎలా కలిసేవో మళ్లీ అలాగే కలిసేటట్టు అతుక్కోవాలి. చెయ్యి ఎముక కాస్త వంకరగా అతుక్కున్నా పని నడిచిపోతుంది, చొక్కా వేసుకుంటే ఎవరికీ తెలియను కూడా తెలియదు. పళ్ల మధ్య తల వెంట్రుక చిక్కినా గుర్తుపట్టే నోట్లో మాత్రం ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ప్రతి ముద్దకీ తెలుస్తూనే ఉంటుంది. దవడ వైద్యంలో వింతగా కనిపించేవన్నీ ఈ ఒక్క అవసరం నుంచే పుట్టాయి.

ఇక్కడ చెప్పేదంతా కింది దవడ గురించే. పై దవడ విరగడం వేరే కథ, అది ముక్కు, చెంపలు, కళ్ల గూళ్ల దాకా పోతుంది.

ఎక్కడ విరుగుతుంది, అక్కడే ఎందుకు

కింది దవడ యూ ఆకారంలో ఉండే ఒకే ఎముక. దాని రెండు కొసలూ చెవులకి కాస్త ముందు పుర్రెతో కీళ్ల దగ్గర కలుస్తాయి, అంటే పుర్రెతో కలిపి చూస్తే అదొక పూర్తి వలయం. గాజు మీద గట్టిగా ఒత్తిడి పడితే ఒక్కచోటే విరిగి ఊరుకోవడం ఎంత అరుదో తెలుసు కదా, దవడ లెక్క కూడా కొంచెం అలాంటిదే. దాదాపు సగం మందిలో రెండు చోట్ల, ఒక్కోసారి మూడు చోట్ల విరిగి ఉంటుంది. తగిలిన చోట ఒకటి, ఆ బలం ఎముక వెంబడే పోయి అవతలి వైపు బలహీనంగా ఉన్నచోట ఇంకొకటి. ఎడమ దవడ మూల మీద గుద్దు పడితే అక్కడొక విరుగుడు (అంటే ఫ్రాక్చర్), కుడివైపు కోరపన్ను దగ్గరో కుడి కీలు దగ్గరో రెండోది ఉండటం మామూలు విషయం. అందుకే అనుభవం ఉన్న డాక్టరు ఎక్స్‌రేలో ఒకటి కనపడగానే ఆగిపోడు, రెండోది ఎక్కడుందా అని వెతుకుతాడు.

గడ్డం మీద నేరుగా పడితే ఏమవుతుందో చూడండి. బలం రెండు వైపులా సమానంగా పైకి పోయి రెండు కీళ్ల మెడలనీ విరగ్గొడుతుంది, గడ్డం మధ్యలో కూడా ఒక చీలిక రావచ్చు. పరేడ్‌లో గంటల తరబడి కదలకుండా నిలబడి, కళ్లు తిరిగి, చేతులు అడ్డం పెట్టుకునే తెలివి కూడా లేకుండా బోర్లా పడిపోయే సైనికుల్లో దీన్ని చూశారు కాబట్టి గార్డ్స్‌మన్ ఫ్రాక్చర్ అని పేరు పెట్టారు. మన దగ్గర మూర్ఛ వచ్చి పడిపోయినవాళ్లలో, బైక్ మీంచి ఎగిరి గడ్డం నేలకి కొట్టుకున్నవాళ్లలో ఇదే కనిపిస్తుంది.

ఎక్కువగా విరిగే చోట్లు నాలుగు. ప్రతి దానికీ ఓ కారణం ఉంది. కీలు దగ్గర, గుండ్రటి తలకి కింద ఉండే మెడ సన్నగా ఉంటుంది. అది సన్నగా ఉండటం ఒక రకంగా మన అదృష్టం, అది విరిగిపోవడం వల్లే ఎముక కొస పుర్రె అడుగులోంచి మెదడు వైపు దూసుకుపోకుండా ఆగిపోతుంది. రెండోది చెవి కింద దవడ మలుపు తిరిగే మూల. అక్కడ జ్ఞానదంతం సగం బయటికీ సగం లోపలికీ ఇరుక్కుని ఉంటే, ఎముక ఉండాల్సిన చోట పన్ను ఉన్నట్టు లెక్క, ఆ మేరకి బలం తగ్గుతుంది. మూడోది కోరపన్ను దగ్గర, ఎందుకంటే కింది పళ్లలో అన్నిటికంటే పొడవైన వేరు దానిదే, పక్కనే నరం బయటికి వచ్చే రంధ్రం కూడా ఉంది. నాలుగోది నమిలే పళ్ల కింద ఉండే దవడ పక్కభాగం. వీటిని వదిలేస్తే, చెవి ముందు నిలువుగా ఉండే భాగమూ, దాని పైన కణత కండరం పట్టుకుని ఉండే మొన చాలా అరుదుగా విరుగుతాయి, మందమైన కండరాలు వాటిని కప్పి ఉంటాయి కాబట్టి.

జ్ఞానదంతం వల్ల మూల బలహీనమవుతుందని చెప్పగానే “అయితే ముందే పీకించేసుకుంటే పోలా?” అంటారు. అక్కడే ఓ మెలిక ఉంది. ఆ పన్ను లేనివాళ్లకి మూల విరగడం తగ్గుతుంది, నిజమే. కానీ బలం అక్కడ ఆగకుండా పైకి పోయి కీలు మెడని విరగ్గొట్టే అవకాశం పెరుగుతుంది. కీలు విరుగుడుకి వైద్యం చేయడం మూల కంటే కష్టం. కాబట్టి నొప్పో చీమో ఉంటే పీకించుకోండి, దవడ విరుగుతుందేమోనన్న భయంతో మాత్రం అక్కర్లేదు.

కారణాలు

ఇంగ్లండు, అమెరికా నగరాల్లో చాలాచోట్ల దవడలు విరగడానికి పెద్ద కారణం కొట్లాటలు, వాటిలో మందు వాటా తక్కువేం కాదు. మన దేశంలో ముందు వరసలో ఉండేది రోడ్డు, అందులోనూ బైకు. చలానా తప్పించుకోవడానికి పెట్టుకునే సగం హెల్మెట్ గురించి ఇక్కడ ఓ మాట అనక తప్పదు. అది నడినెత్తిని కాస్తో కూస్తో కాపాడుతుందేమో గానీ గడ్డానికి, దవడకి దాని వల్ల ఉపయోగం సున్నా. బైకు మీంచి ముందుకి పడ్డవాడికి ముందుగా నేలకి తగిలేవి ముఖమూ గడ్డమే. గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుంటేనే దవడకి రక్షణ. పట్టీ పెట్టుకోని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది, వెనక సీట్లో కూర్చున్నవాళ్లకైతే చాలాసార్లు అదీ ఉండదు.

ఆ తర్వాత పడిపోవడాలు: బాత్‌రూమ్‌లో జారిన పెద్దవాళ్లు, మేడమెట్ల మీంచి దొర్లిన పిల్లలు, తాడిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు. ఆ తర్వాత గేదె తన్నడం, కబడ్డీలో మోకాలు తగలడం, క్రికెట్ బంతి. క్రికెట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2002 మేలో ఆంటిగ్వా టెస్టు. బ్యాటింగ్ చేస్తుండగా మెర్విన్ డిలన్ బౌన్సర్ తగిలి అనిల్ కుంబ్లే దవడ విరిగింది, అయినా తల చుట్టూ కట్టుతో మైదానంలోకొచ్చి 14 ఓవర్లు వేసి బ్రయాన్ లారాని ఎల్బీడబ్ల్యూ చేశాడు, తర్వాత బెంగళూరు వచ్చి ఆపరేషన్ చేయించుకున్నాడు. ధైర్యం సంగతి అలా ఉంచండి, ఆ మ్యాచ్ ఓ వైద్య విషయం కూడా చెప్తుంది. దవడ విరిగినా మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, బౌలింగ్ కూడా చేస్తాడు. కాబట్టి యాక్సిడెంట్ అయిన చోట “బానే మాట్లాడుతున్నాడుగా, ఏం కాలేదులే” అని చుట్టూ మూగినవాళ్లు ఇచ్చే తీర్పుకి విలువ లేదు.

పెద్ద దెబ్బేమీ లేకుండా విరిగితే ఎముకలోనే ఏదో ఉందని అనుమానించాలి. లోపల నీటితిత్తో, అమెలోబ్లాస్టోమా లాంటి గడ్డో పెరిగి ఎముకని పెంకులా చేసి ఉండొచ్చు. నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఏళ్ల తర్వాత ఎముక చచ్చుబడి విరగొచ్చు. ఎముకలు గుల్లబారకుండానో, క్యాన్సర్ ఎముకలకి పాకినందుకో జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందులు వాడేవాళ్లకి కూడా దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది, అందుకే పన్ను పీకించుకునే ముందు ఆ మందుల సంగతి డెంటిస్టుకి చెప్పి తీరాలి. జ్ఞానదంతం పీకించుకున్న కొన్ని వారాలకి గట్టిది ఏదో కొరికితే పటుక్కుమని విరగడం కూడా ఉంది గానీ అది చాలా అరుదు.

ఎలా తెలుస్తుంది

వాపు, నొప్పి ప్రతి దెబ్బకీ ఉంటాయి, వాటితో తేలేది తక్కువ. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “పళ్లు ఎప్పట్లాగే కలుస్తున్నాయా?” కలవట్లేదని మనిషి అంటే, స్కాన్ వచ్చేదాకా దవడ విరిగిందనే అనుకోవాలి. వెనక పళ్లు ముందే తగిలేసి ముందు పళ్ల మధ్య సందు మిగిలిపోతే రెండు కీళ్లూ విరిగి ఉండొచ్చు. నోరు తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకి పోతుంటే సాధారణంగా అటువైపు కీలే విరిగినట్టు.

కింది పెదవి, గడ్డం ఒక పక్క మొద్దుబారడం ఇంకో గట్టి ఆనవాలు, ఆ స్పర్శ తెచ్చే నరం దవడ ఎముక లోపలి కాలువలోంచే వస్తుంది. నాలుక కింద రక్తం గూడుకట్టి నల్లగా కమిలిపోవడం, పళ్ల వరసలో హఠాత్తుగా ఓ మెట్టు కనిపించడం, చిగురు చీలి ఉండటం, ఇవి కూడా అంతే. చెవిలోంచి రక్తం వస్తే తలకి గాయమని కంగారు పడటం సరైనదే, అది తేల్చుకోవాలి, కానీ కీలు వెనక్కి గుద్దుకుని చెవి గొట్టం గోడ చీలినా రక్తం వస్తుంది. అత్యవసర విభాగాల్లో చేసే చిన్న పరీక్ష ఒకటుంది. నాలుక నొక్కి చూసే చెక్కపుల్లని వెనక పళ్ల మధ్య గట్టిగా కొరికి పట్టమని, దాన్ని మెలితిప్పుతారు. పుల్ల విరిగేదాకా రెండు వైపులా పట్టి ఉంచగలిగితే దవడ విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ, నొప్పితో నోరు తెరిచేస్తే ఫొటో తీయాల్సిందే.

ఫొటో అంటే ముందు ఓపీజీ, దవడ మొత్తాన్ని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకే ఫిల్మ్ మీద పరిచి చూపించే ఎక్స్‌రే. కీళ్ల దగ్గర, మధ్య గడ్డం దగ్గర అది మోసం చేయొచ్చు కాబట్టి ఇప్పుడు సీటీ స్కాన్ చేస్తున్నారు. యాక్సిడెంట్ కేసుల్లో ఎలాగూ తలకీ మెడకీ సీటీ తీస్తారు, అప్పుడే ముఖం కూడా కలిపి తీయమని అడిగితే సరిపోతుంది. మెడ మాట కావాలనే అంటున్నాను, దవడని విరగ్గొట్టేంత దెబ్బ మెడ ఎముకల మీద కూడా పడి ఉండొచ్చు.

రోడ్డు మీద ఉన్నప్పుడు దవడ కంటే ముందు చూడాల్సింది ఊపిరి. గడ్డం రెండు వైపులా విరిగితే నాలుకని ముందుకి పట్టి ఉంచే ఎముక ముక్క వెనక్కి జారుతుంది, దాంతో నాలుక కూడా జారి గొంతుకి అడ్డం పడుతుంది. అలాంటి మనిషిని “పాపం, పడుకోబెట్టండి” అని వెల్లకిలా పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది. స్పృహ ఉంటే ముందుకి వంగి కూర్చోనివ్వండి, రక్తం, ఉమ్ము బయటికి కారనివ్వండి. స్పృహ లేకపోతే మెడ మెలిపడకుండా పక్కకి తిప్పి ఉంచాలి. నీళ్లు తాగించొద్దు, తువ్వాలుతో దవడని గట్టిగా బిగించొద్దు, 108కి ఫోన్ చేయండి. ఊడిన పన్ను దొరికితే పాలల్లో వేసి తీసుకెళ్లండి. దొరకకపోతే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో ఛాతీ ఎక్స్‌రేలో చూడాల్సి వస్తుంది. కట్టుడు పళ్లు ఉన్న పెద్దవాళ్లయితే ఆ సెట్టు విరిగినా సరే పారేయకుండా తేవాలి, ఎందుకో కింద చెప్తాను.

కొట్లాటలో విరిగితే ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాస్తారు. ఎముక విరిగినా, పన్ను విరిగినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే, పాత ఐపీసీ 320 అదే చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 116 కూడా అదే చెప్తోంది. తర్వాత రాజీ పడతారో లేదో మీ ఇష్టం, జారిపడ్డానని డాక్టరుకి అబద్ధం మాత్రం చెప్పొద్దు.

పిల్లల గడ్డం మీద కుట్లు

ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. నాలుగేళ్ల పిల్లాడు ఆడుకుంటూ గడ్డం మీద పడతాడు, గడ్డం కింద చీరుకుపోతుంది, దగ్గర్లోని క్లినిక్‌లో మూడు కుట్లు వేసి పంపిస్తారు. వారం తర్వాత కుట్లు విప్పుతారు, గాయం మానిపోతుంది, అందరూ మర్చిపోతారు. లోపల కీలు తల నలిగిన సంగతి ఎవరూ చూడరు. పిల్లలకి ఎక్కువగా విరిగేది ఆ కీలు భాగమే. నొప్పికి పిల్లాడు నోరు తక్కువ తెరుస్తాడు, మెత్తటివే తింటాడు, అమ్మ కూడా పాపమని మెత్తగా కలిపి పెడుతుంది. కీలు కదలదు. కదలని కీలులో కారిన రక్తం మెల్లగా ఎముకగా మారి దవడని పుర్రెకి అతికించేయొచ్చు. నెలలు గడిచాక, ఒక్కోసారి ఏళ్లు గడిచాక, నోరు వేలెడు కూడా తెరుచుకోవట్లేదని తీసుకొస్తారు.

కీలు అతుక్కుపోవడాన్ని యాంకిలోసిస్ అంటారు. దానితో రెండో నష్టం కూడా ఉంది, దవడ పెరుగుదల ఆ కీలు మీద ఆధారపడి ఉంటుంది. ఒక వైపు ఆగితే ముఖం ఒక పక్కకి తిరుగుతుంది, రెండు వైపులా ఆగితే గడ్డం లోపలికి పోయినట్టుంటుంది, రాత్రిళ్లు గురక, ఊపిరి ఆడకపోవడం. అప్పుడు చేసే ఆపరేషన్లు చిన్నవి కావు. అతుక్కున్న ఎముకని కోసి తీసి, మధ్యలో కణత కండరం పరిచి, ఒక్కోసారి పక్కటెముక ముక్క తెచ్చి కొత్త కీలు కడతారు. ఆ తర్వాత నెలల తరబడి రోజూ ఏడిపిస్తూ నోరు తెరిపించే వ్యాయామం చేయించాలి.

ఇదంతా రాకుండా ఉండటానికి కావాల్సింది ఎంత చిన్నదో చూడండి. గడ్డం చిట్లిన ప్రతి పిల్లాడికీ చెవుల ముందు వేలు పెట్టి నొప్పుందా అని చూడాలి, నోరు ఎంత తెరుస్తున్నాడో, పళ్లు కలుస్తున్నాయో లేదో చూడాలి, అనుమానముంటే ఫొటో తీయాలి. కుట్లు వేసే డాక్టరు చూడకపోతే మీరే అడగండి, అడగడంలో మొహమాటం వద్దు. కీలు విరిగిందని ముందే తెలిస్తే పిల్లలకి చాలాసార్లు ఆపరేషన్ కూడా అక్కర్లేదు. కొద్ది రోజులు మెత్తటి తిండి, ఆ తర్వాత వీలైనంత త్వరగా కదిలించడం. విరిగిన కీలుని తిరిగి మలుచుకునే శక్తి పిల్లల ఎముకకి పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ. దవడ లోపల రాబోయే పళ్ల మొలకలు ఉంటాయి కాబట్టి ప్లేట్లు, స్క్రూలు వేయడానికి డాక్టర్లు వెనకాడతారు, తప్పనిసరైతే తప్ప.

తీగలు, ప్లేట్లు

దవడ విరుగుడుకి వైద్యం లేదనుకున్న రోజులున్నాయి. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్య పత్రం ఎడ్విన్ స్మిత్ పాపిరస్‌లో, గాయమై జ్వరం కూడా వచ్చిన దవడ విరుగుడుని చికిత్స చేయకూడని రోగాల్లో వేశారు. గ్రీకు వైద్యం నాటికే విరిగిన చోటుకి రెండు పక్కల ఉన్న పళ్లని బంగారు తీగతోనో నారతోనో కట్టమన్నారు. అంటే పళ్లని పట్టుకుంటే ఎముక దారికొస్తుందని వాళ్లకి అప్పుడే తెలుసన్నమాట. కింది పళ్లని పై పళ్లకే కట్టేసే పద్ధతిని 1887లో అమెరికాలో గిల్మర్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లో వైరింగ్ అనేది దాని వారసత్వమే.

మన ప్రాంతంలో ఎముక విరిగిందంటే పుత్తూరు కట్టు గుర్తొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాళ్లూ చేతుల సంగతి ఇక్కడ వద్దు, దవడ మటుకు బయటి కట్టుతో కుదిరేది కాదు. నమిలే కండరాలు వెనక ముక్కని పైకి లాగుతుంటాయి, గడ్డం కింది కండరాలు ముందు ముక్కని కిందికీ వెనక్కీ లాగుతుంటాయి, కీలు విరిగితే దాని తలని ఇంకో కండరం ముందుకీ లోపలికీ గుంజుతుంది. ఈ లాగుడుని బయట చర్మం మీద కట్టిన గుడ్డ ఆపలేదు. పళ్లని పట్టుకుంటేనే ఆగుతుంది.

వైరింగ్‌లో పై వరసకీ కింది వరసకీ చిన్న కొక్కేలున్న లోహపు పట్టీని పళ్ల చుట్టూ సన్నటి తీగలతో బిగిస్తారు. దాన్ని ఆర్చ్ బార్ అంటారు. ఆ తర్వాత పై పట్టీనీ కింది పట్టీనీ తీగతోనో రబ్బరు బ్యాండ్లతోనో కలిపేస్తారు. పై దవడ విరగలేదు కాబట్టి అదే అచ్చు, కింది పళ్లు దానికి సరిగ్గా కూర్చుంటే వాటి కింద ఉన్న ఎముక ముక్కలు కూడా వాటంతట అవే వరసలోకొస్తాయి. ముక్కలు పెద్దగా జరగని కేసుల్లో ఇదే పూర్తి వైద్యం, పెద్దవాళ్లకి 4 నుంచి 6 వారాలు. అసలు జరగనే లేదు, పళ్లూ బాగానే కలుస్తున్నాయంటే ఏమీ కట్టకుండా మెత్తటి తిండితో కనిపెట్టుకుని ఉండటం కూడా వైద్యమే.

ముక్కలు జరిగితే ప్లేటింగ్, అంటే చిన్న లోహపు ప్లేట్లని స్క్రూలతో ఎముకకే బిగించడం. ఇక్కడ 1970ల్లో ఫ్రాన్స్‌లో జరిగిన పని గురించి చెప్పాలి. 1973లో మిషెలే, 1978లో స్ట్రాస్‌బర్గ్‌లో మాక్సిమ్ షాంపీ చూపించిందేమిటంటే, నమిలేటప్పుడు దవడ ఎముక పైఅంచు విచ్చుకోవాలని చూస్తుంది, కింది అంచు నొక్కుకుంటుంది, కాబట్టి విచ్చుకునే గీత మీద చిన్న ప్లేటు వేసి ఆపితే చాలు, లావుపాటి ఇనుప పట్టీలు అక్కర్లేదు. అందుకే మూల దగ్గర చాలాసార్లు ఒక్క ప్లేటు సరిపోతుంది. గడ్డం దగ్గర మెలితిప్పే బలం కూడా ఉంటుంది కాబట్టి అక్కడ రెండు వేస్తారు. ఒక మిల్లీమీటరు మందం ఉండే టైటానియం ప్లేట్లు, 2 మిల్లీమీటర్ల స్క్రూలు, కోత ఎక్కువగా నోటి లోపలే, బయట మచ్చ ఉండదు.

ప్లేట్లు వేసే ఆపరేషన్‌లో కూడా మొదట చేసేది పళ్లని కట్టడమే! ముందు పళ్లు కలిపి తీగలు బిగిస్తారు, అప్పుడు ఎముకకి ప్లేటు వేస్తారు, తర్వాత తీగలు విప్పి నోరు తెరిచి మూసి పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూస్తారు. కలవకపోతే ప్లేటు విప్పి మళ్లీ మొదట్నుంచి. మత్తు గొట్టం నోట్లోంచి కాకుండా ముక్కులోంచి వేసేది కూడా ఇందుకే, నోట్లో గొట్టముంటే పళ్లు కలపడం కుదరదు. ముక్కు కూడా బద్దలైన వాళ్లకి గడ్డం కింద చిన్న కోత పెట్టి గొట్టాన్ని అక్కణ్నుంచి బయటికి తెచ్చే పద్ధతిని 1986లో ఆల్టెమిర్ అనే స్పెయిన్ డాక్టరు చెప్పాడు.

పళ్లు లేని పెద్దవాళ్ల దగ్గర ఈ లెక్క తారుమారవుతుంది. కట్టడానికి పళ్లుండవు, పళ్లు పోయాక ఎముక కూడా అరిగి సన్నబడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, ఎలాగూ అతుక్కుంటుందిలే అనే భరోసా ఇక్కడ లేదు. పాత కట్టుడు పళ్ల సెట్టు ఉంటే దాన్నే అచ్చుగా వాడుకోవచ్చు, అందుకే తెమ్మన్నది. ఎముక మరీ సన్నగా ఉంటే చిన్న ప్లేట్లు ఆగవు, పొడవైన గట్టి ప్లేటు వేయాలి.

విరుగుడు గీతలో ఉన్న పన్నుని ఒకప్పుడు తప్పకుండా పీకేసేవారు. ఇప్పుడు బాగా కదులుతుంటేనో, వేరు విరిగితేనో, చీము పడితేనో, ఎముకలు కలవనివ్వకుండా అడ్డం వస్తేనో తప్ప ఉంచేస్తారు. పళ్లున్న భాగంలో విరిగితే చిగురు చీలి ఉమ్ము ఎముక దాకా పోతుంది కాబట్టి యాంటీబయాటిక్స్ ఇస్తారు, గంటల్లో ఆపరేషన్ చేయాలని కాదు గానీ రోజుల తరబడి ఇంట్లో కూర్చుంటే చీము పట్టడం ఖాయమనుకోండి.

పెద్దవాళ్ల కీలు విరుగుడు మీద సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు. కోసి ప్లేటు వేయాలంటే ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా ఆ దారిలోనే ఉంది. కోయకుండా కొద్ది రోజులు రబ్బరు బ్యాండ్లతో పళ్లని దారిలో పెట్టి, త్వరగా వ్యాయామం మొదలుపెడితే చాలామందికి బాగానే కుదురుతుంది. కీలు తల పూర్తిగా పక్కకి జారిపోయినా, రెండు వైపులా విరిగి ముందు పళ్లు కలవకపోయినా ఆపరేషన్ వైపే ఎక్కువమంది మొగ్గుతున్నారు. ఒకే ఎక్స్‌రే చూసి ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్తే కంగారు పడకండి, ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు.

ఎవరి దగ్గరికెళ్లాలన్నది కూడా చాలామందికి తెలియదు. ఎముక కదా అని ఎముకల డాక్టరు దగ్గరికి పోతారు. దీనికి ప్రత్యేకంగా చదివినవాళ్లు ఓరల్ అండ్ మ్యాక్సిలోఫేషియల్ సర్జన్లు, బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చేస్తారు. ప్లాస్టిక్ సర్జన్లు కూడా చేస్తారు. హైదరాబాద్, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఈ విభాగాలున్నాయి. ప్రైవేటుకి వెళ్తే ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో చేరేముందే అడగండి.

నోరు కట్టేశాక ఇంట్లో

అందరికీ ఉండే టెన్షన్, వాంతి వస్తే ఎలా అని. కడుపులో ఉండేది ద్రవమే కాబట్టి ముందుకి వంగితే పళ్ల సందుల్లోంచి బయటికొచ్చేస్తుంది. అయినా ఊపిరాడని పరిస్థితి వస్తే తీగలు కత్తిరించడానికి కట్టర్ మంచం పక్కన ఉండాలి, ఏ తీగ కత్తిరించాలో డిశ్చార్జ్ రోజే ఇంట్లో ఒకరికి చూపించమనండి. మద్యం తాగడం ఆ నెల రోజులూ పూర్తిగా బంద్.

తిండి అంటే తాగేదే. పన్నేమీ పీకనక్కర్లేదు, చివరి దంతం వెనక సందులోంచి, పళ్ల మధ్యలోంచి లోపలికి పోతుంది. వడకట్టిన రాగిజావ, పప్పుకట్టు, పాలు, మజ్జిగ, మాంసం ఉడికించిన నీళ్లు, అన్నమూ కూరా మిక్సీలో మెత్తగా పట్టి పలచన చేసినది. కారం తగ్గించండి, చిగుళ్ల గాయాలు భగ్గుమంటాయి. ఒకేసారి కడుపునిండా పట్టదు, రెండు గంటలకోసారి ఇవ్వాలి, అయినా కొన్ని కిలోలు తగ్గడం మామూలే. ప్లేట్లు వేసి నోరు విప్పేసినవాళ్లు కూడా ఆరు వారాల దాకా పెసరట్టు, ఇడ్లీ స్థాయి దాటకూడదు. నొప్పి లేదు కదా అని చెరుకు, చికెన్ ఎముక కొరికి ప్లేటు విరగ్గొట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి, చిన్న బ్రష్‌తో తీగల చుట్టూ తోమాలి. సిగరెట్, గుట్కా మానకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, గుట్కా వల్ల ముందే బుగ్గలు బిగుసుకుపోయినవాళ్లకైతే నోరు తెరిపించడమే ఓ పెద్ద పని.

తీగలు విప్పిన రోజు నోరు తెరుచుకోదు. భయపడక్కర్లేదు, నెల రోజులు కదలని కండరం మరి. అద్దం ముందు నిలబడి రోజుకి చాలాసార్లు తెరిచి మూయాలి, ఐస్‌క్రీమ్ పుల్లలు ఒక్కొక్కటే పెంచుకుంటూ పళ్ల మధ్య పెట్టుకోవాలి. మీ మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకుంటే మామూలు స్థాయికి వచ్చినట్టే. పెదవి మొద్దు నెమ్మదిగా, నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది. టైటానియం ప్లేట్లు ఇబ్బంది పెట్టకపోతే తీయించనక్కర్లేదు, ఎంఆర్ఐకి వెళ్తే ప్లేట్లున్నాయని చెప్తే చాలు.

మొదటి కొన్ని రోజుల్లో, వారాల్లో పళ్లు కలవట్లేదనిపిస్తే అప్పుడే చెప్పండి, రబ్బరు బ్యాండ్లు మార్చి సరిచేయడం ఆ దశలో తేలిక. చిన్న తేడా అయితే తర్వాత పళ్లు అరగదీసో, క్లిప్పులు వేసో సర్దుతారు. పూర్తిగా తప్పుగా అతుక్కున్నాక సరిచేయాలంటే ఆ దవడని మళ్లీ కోసి, పళ్లు కలిపి, కొత్తగా ప్లేట్లు వేయాలి.